మంచు మెత్తబడే గంట

చెప్పుకోకూడదు గానీ, అమెరికాలో మేముండే శాన్ రామన్‌లో మా తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో చలికాలం వచ్చిందంటే నా మాటకున్న విలువ ఇంకెవరి మాటకీ ఉండదు. డిసెంబర్ మొదలు ఏప్రిల్ దాకా, గురువారం సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరు అడుగుతారు: "అక్కా, ఈ వీకెండ్ తాహో వెళ్ళొచ్చా?" తాహో అంటే, మావాళ్ళు మంచు మీద స్కీలతో జారడానికి కార్లలో వెళ్ళే కొండలు. వాళ్ళ ఫోన్లలో వాతావరణం చూపించే యాప్ లేక కాదు. మంచు కురుస్తుందా లేదా అన్నది యాప్ చెబుతుంది. కురిసిన మంచు మీద మనిషి నిలబడగలడా లేదా అన్నది నేను చెబుతాను. చెప్పుకోకూడదని అన్నాను కదా, అయినా చెప్పుకుంటాను. ఇంకెవరో మెచ్చుకుంటారని కూర్చుంటే మన గొప్ప మనతోనే పోతుంది.

తమాషా ఏమిటంటే, నాకు స్కీయింగ్ అంతంత మాత్రమే. పిల్లని చిన్నప్పుడు క్లాసులో చేర్పించి, ఊరికే కూర్చోలేక నేనూ నేర్చుకున్నాను. ఒక మాదిరి వాలు మీద పడకుండా దిగగలను, అంతే. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పక్కవాళ్ళు రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టడం నా పని. ఎవరైనా "అంతా బాగుంది" అంటే నాకు అనుమానం మొదలవుతుంది. ఆ అనుమానమే నన్ను కొండల ఫోర్‌కాస్ట్‌ల దాకా తీసుకెళ్ళింది. మేము వెళ్ళని వారాల్లో కూడా నేను కొండ మీద గాలి ఎటు వీస్తోందో చూస్తుంటే మా ఆయన, "కందకి లేని దురద కత్తిపీటకెందుకో" అనేవారు. అననీయండి. ఆ కత్తిపీట లేకపోతే కూర తెగేది కాదని తరవాత ఆయనకే తెలిసొచ్చింది.

మొదటి ఏడాది మేమూ అందరిలాగే బోల్తా పడ్డాం. ఫోన్‌లో మంచు తప్పకుండా పడుతుందని చూసి, నాలుగు కార్లలో రైస్ కుక్కర్లు, పులిహోర, గోంగూర పచ్చడి వేసుకుని బయల్దేరాం. రోజంతా వాన. స్కీ బూట్లలోకి నీళ్ళు. అందరం కార్లలో కూర్చుని పులిహోర తిని తిరిగొచ్చాం. అదే రోజు అదే కొండ పైన మోకాలి లోతు మంచు పడిందని మర్నాడు తెలిసింది. ఒకే మబ్బు నుంచి కొండ పైన మంచు కురుస్తుంది, కింద వాన కురుస్తుంది. ఆ రెండింటికీ మధ్య గీత కొండ మీద ఎంత ఎత్తులో ఉందన్నది అసలు ప్రశ్న. కొత్తవాళ్ళు జారే వాలేమో కొండ అడుగున ఉంటుంది. ఈ ముక్క ఎవరూ చెప్పలేదేమని నాకు ఒళ్ళు మండింది. నాకు కోపం వస్తే ఊరికే పోదు, చదివిస్తుంది.

చదివాను. కొండల కోసం ప్రత్యేకంగా ఇచ్చే ఫోర్‌కాస్ట్‌లో అడుగున ఒక లెక్క, నడుమ ఒకటి, శిఖరం దగ్గర ఒకటి ఉంటాయి. మంచులో నీళ్ళ పాలు ఎంతో చూడాలి. నీళ్ళెక్కువైతే ఆ మంచు కాళ్ళని పట్టేసుకుంటుంది. శిఖరం మీద గాలి చూడాలి. గాలి ఎక్కువైతే మనుషుల్ని కొండ పైకి చేర్చే లిఫ్ట్ ఆపేస్తారు, అక్కడిదాకా వెళ్ళి కాఫీ తాగి రావాలి. రిసార్ట్ వాళ్ళు పెట్టే రిపోర్ట్ కూడా చదవాలి గానీ నమ్మకూడదు. తన మజ్జిగ పుల్లగా ఉందని ఎవరు చెప్పుకుంటారు?

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. అది మనవాళ్ళకి బుర్రకెక్కడానికి ఒక చెయ్యి విరగాల్సొచ్చింది.

మనకి ప్రయాణమంటే తెల్లవారుజామునే. చల్లపూట బయల్దేరాలి, ట్రాఫిక్ పడకముందే చేరాలి, పార్కింగ్‌లో మొదటి వరసలో కారు పెట్టాలి, లిఫ్ట్ తెరిచేటప్పటికి గేటు దగ్గర మనమే ఉండాలి. తిరుమల క్యూ అలవాటు ఎక్కడికి పోతుంది. నడి చలికాలంలో దీనివల్ల నష్టం లేదు. మార్చి వస్తే మాత్రం, పగలు ఎండకి కరిగిన మంచు రాత్రికి మళ్ళీ గడ్డకడుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి అయితే మరీను. మబ్బు దుప్పటి లేక ఉన్న వేడంతా పైకి పోయి, పొద్దున్నకి వాలంతా గచ్చులా బిగుసుకుంటుంది. సరిగ్గా ఆ గంటకే మనవాళ్ళు అందరికంటే ముందు వెళ్ళి దాని మీద పడతారు. రెండేళ్ళ కిందట గ్రూపులో వరంగల్ అమ్మాయి అలాగే పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నేను వద్దన్నా వినలేదు. కట్టు చూడ్డానికి వెళితే, "పొద్దుగాల పోతె మంచు ఫ్రెష్‌గ ఉంటదనుకున్న అక్కా" అంది. రైతుబజారులో వంకాయలు పొద్దున్నే ఫ్రెష్‌గా ఉంటాయి. కొండ మీద మంచు అలా కాదు.

అదిగో, ఆ మరుసటి చలికాలమే మా అత్తగారు వచ్చారు.

మా అత్తగారు రాజమండ్రిలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. డెబ్బైకి దగ్గరపడుతున్నా నిటారుగా నడుస్తారు. సోఫాలో చేరబడగా నేనెప్పుడూ చూడలేదు. ఎవరైనా ఆలస్యంగా వస్తే ఏమీ అనరు, గోడ గడియారం వైపు చూస్తారు. ఆ చూపు చాలు. నా పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ నన్ను తిట్టింది లేదు, మెచ్చుకున్నదీ లేదు. అన్నం వండితే "ఇంకాస్త నీళ్ళు పట్టేదేమో" అంటారు. ఇల్లు సర్దితే నేను సర్దిన దాన్ని ఇంకోసారి సర్దుతారు. అత్త మంచి, వేము తీపి లేవని సామెత. నేను అంత మాట అనను గానీ, ఆవిడ ముందు నాకు ఎప్పుడూ పరీక్ష హాల్లో ఉన్నట్టే ఉండేది.

ఆ చలికాలమంతా ఆవిడ మాతో తాహో వచ్చారు. శాలువా కప్పుకుని, ఫ్లాస్కులో టీ పెట్టుకుని, రిసార్ట్ లాడ్జ్ అద్దాల్లోంచి మనవరాలు జారుతుంటే చూసేవారు. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, స్కీల మీద బాగా చేస్తుంది. "మోకాళ్ళు ఇంకాస్త వంచమను. బరువు ముందుకు రావడం లేదు" అని నాతో చెప్పేవారు. ఆశ్చర్యం, కోచ్ కూడా అదే చెప్పేవాడు.

మార్చిలో ఒకరోజు భోజనాల దగ్గర, పెరుగు వడ్డించుకుంటూ మామూలుగా అన్నారు: "నేనూ ఒకసారి దిగుతానర్రా."

మా ఆయన వినపడనట్టు అన్నం కలుపుకున్నారు. ఆవిడ మళ్ళీ అన్నారు: "ఎక్కువేం కాదు. ఆ చిన్న వాలు, పిల్లలు నేర్చుకునేది. పైనుంచి కింద దాకా నిలబడి ఒక్కసారి రావాలి. టిక్కెట్టు వచ్చే బుధవారానికి కదా. మళ్ళీ వచ్చేసరికి ఈ కాళ్ళు నా మాట వింటాయో వినవో."

"అమ్మా, నీ బోన్ టెస్ట్ రిపోర్ట్ మర్చిపోయావా?" అన్నారు మా ఆయన. మర్చిపోయే విషయం కాదు. వచ్చే ముందు రాజమండ్రిలో చేయించిన పరీక్షలో ఎముకలు గుల్లబారాయని తేలింది. తుంటి దగ్గర మరీ బలహీనంగా ఉందన్నారు. తుంటి విరిగితే ఆ వయసులో మళ్ళీ మునుపటిలా నడవడం అనుమానమే. నడకే ప్రాణంగా బతికిన మనిషికి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

"డాక్టరుగారిని ఫోన్‌లో అడిగాను" అన్నారు అత్తగారు. "పడకూడదని కాదమ్మా, గట్టి నేల మీద పడకూడదు అన్నారు."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల. విజిటర్ ఇన్సూరెన్స్‌తో ఇక్కడ హాస్పిటల్ అంటే ఎంత గోలో నీకు తెలీదు. వద్దమ్మా."

ఆవిడ కొడుకుతో వాదించలేదు. నా వైపు తిరిగారు. "నువ్వేమంటావమ్మాయ్? గట్టిగా లేని రోజు ఉంటుందా?"

ఆ ప్రశ్న నన్ను అడిగారు. కొడుకుని కాదు, రిసార్ట్ వాళ్ళని కాదు. ఇన్నేళ్ళలో అత్తగారు నన్ను దేని గురించైనా అభిప్రాయం అడగడం అదే మొదలు. మంచినీళ్ళు తాగి చెప్పాను:

"రోజు ఉండదు అత్తయ్య గారూ, గంట ఉంటుంది. చూసి నేను చెబుతాను. పూచీ నాది."

"పూచీ అంటే ఏంటో తెలుసా నీకు?" అన్నారు మా ఆయన.

"తెలుసు కాబట్టే అన్నాను. మీరు డ్రైవ్ చేయండి చాలు."

అన్నాను గానీ, గిన్నెలు కడుగుతున్నంతసేపూ ఆ మాటే తలుచుకున్నాను. వేరేవాళ్ళ వీకెండ్ పాడైతే మాట పడతాను, పోతుంది. ఇది తుంటి ఎముక.

ఫోర్‌కాస్ట్ ముందేసుకుని కూర్చున్నాను. ఆదివారం తుఫాను, గాలి. సోమ మంగళవారాల్లో లీవ్ పెడదామంటే ఆ తుఫాను వెనకే తడిమంచు. అందులో స్కీ ఇరుక్కుంటే మోకాలు మెలిపడుతుంది. బుధవారం విమానం. మిగిలింది శనివారం ఒక్కటే. శుక్రవారం రాత్రి ఆకాశం నిర్మలం, అంటే పొద్దున్న గచ్చు. శిఖరం మీదనుంచి చలిగాలి, పొద్దెక్కాక తగ్గుతుందని రాశారు. మధ్యాహ్నం దాటాక పడమటి నుంచి మబ్బులు, మళ్ళీ చలి. ఎండ తగిలి మెత్తబడేదీ, మబ్బు కమ్మి బిగుసుకునేదీ, ఈ రెంటి నడుమ ఉన్నదే మా వ్యవధి. ఆ వాలు తూర్పుకి తిరిగి ఉంది కాబట్టి ఎండ ముందు దాని మీదే పడుతుంది. పదకొండు ప్రాంతం, అనుకున్నాను.

ఆవిడకి చెబితే మొదట ఒప్పుకోలేదు. "పదకొండేమిటి? ఆట అంటే పొద్దున్నే ఆడాలి. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆరింటికల్లా గ్రౌండ్‌లో ఉన్నాను."

"ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న అనుకోండి అత్తయ్య గారూ. తీయగానే చాకు దిగదు. కాసేపటికి చక్కగా రాసుకోవచ్చు. ఇంకాసేపుంటే కారిపోతుంది."

ఆవిడ ఆలోచించి, "మరి ఎండలో పెట్టిన వెన్న మీదకి ఫ్యాన్ వేస్తే?" అన్నారు.

"ఆలస్యమవుతుంది. అందుకే గాలి చూస్తున్నాను."

"సరే" అన్నారు. ఆవిడ నోట నాకు సరే అన్న మాట రావడం కూడా అదే మొదలేమో.

ఇంతలో మా ఆయన చేసిన ఘనకార్యం శుక్రవారం సాయంత్రం బయటపడింది. అమ్మ మీద ప్రేమతోనే, పని పొద్దున్నే అయిపోతుందని, మొదటి క్లాస్ బుక్ చేసేశారు. లిఫ్ట్ తెరవగానే మొదలయ్యేది. పదకొండు గంటల క్లాస్ చూస్తే నిండిపోయింది. నేనన్న మాటలు ఇక్కడ రాయను. "గట్టిగా ఉంటే నువ్వే చెబుదువుగా" అన్నారాయన చల్లగా.

శనివారం మా గ్రూపు ఎప్పటిలాగే చుక్క ఉండగానే బయల్దేరింది. మేమూ వాళ్ళతోనే వెళ్ళాం. పార్కింగ్‌లో మొదటి వరస, అలవాటు ప్రకారం. అత్తగారు నా స్కీ ప్యాంటు, మా అమ్మాయి పాత జాకెట్ వేసుకుని, ముడిని టోపీలోకి దోపి, బూట్లు బిగించుకుని మా అందరికంటే ముందు తయారైపోయారు. ఆ వేషంలో ఆవిడ అందంగా ఉన్నారు. ఆ మాట అప్పుడు అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

క్లాస్‌కి పిలిచారు. నేను ముందు నడిచి వాలు మీద మడమతో గట్టిగా నొక్కాను. దిగలేదు. ఇంకో చోట నొక్కాను. బూటు టక్కుమంది, మంచు మీద గీత కూడా పడలేదు. గాలి ఇంకా కోస్తోంది. మా గ్రూపు పిల్లలు జారుతుంటే స్కీల కింద రేకు మీద గరిటె గీసినట్టు చప్పుడు వస్తోంది.

వెనక్కి తిరిగి, "వద్దు అత్తయ్య గారూ. ఇప్పుడు కాదు" అన్నాను.

అందరూ నా వైపు చూశారు. క్లాస్ నడిపే ఆవిడ, జుట్టు నెరిసిన అమెరికన్, ఇప్పుడు రాకపోతే తరవాత క్లాస్‌లో చోటు దొరుకుతుందని చెప్పలేనంది. మా ఆయన నా చెవి దగ్గర, "అమ్మ ఇంత దూరం వచ్చింది. చోటు పోతే ఇంకేం లేదు. మెల్లగా చేయిస్తార్లే" అన్నారు. మొన్న భోజనాల దగ్గర వద్దన్న మనిషే.

"నానమ్మా, నేను పట్టుకుంటా. నువ్వు పడదు" అంది మా అమ్మాయి తన తెలుగులో.

నేను అత్తగారి వైపు తిరిగాను. మాట్లాడాల్సింది ఆవిడ. ఒక్క నిమిషం క్లాస్ వరసని చూశారు. ఆ చూపు నాకు తెలుసు. జీవితంలో ఏ వరసలోనూ ఆలస్యంగా నిలబడని మనిషి. వంగి స్కీలు విప్పేశారు. పక్కనున్న బెంచీ మీద నిటారుగా కూర్చున్నారు.

"మా కోడలు ఇంకా చెప్పలేదు" అన్నారు.

క్లాస్ మమ్మల్ని వదిలి వెళ్ళిపోయింది. నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. గ్రూపులో ఒక్కొక్కరూ వచ్చి పలకరించి పోతున్నారు. వరంగల్ అమ్మాయి కాఫీ కప్పులతో వచ్చి, "ఏందక్కా, పెద్దమ్మకు ముహూర్తం పెట్టినవా?" అంది.

"ముహూర్తమే. పదకొండు. కానీ ఆ క్లాస్‌లో చోటు లేదు."

ఆ అమ్మాయి కప్పు కింద పెట్టింది. "పదకొండు క్లాస్ల నాకు సీటుంది కదా. చెయ్యి ఇరిగినంక పొద్దుగాల పోతనా నేను? నా సీట్ల పెద్దమ్మను పంపుదాం."

"మరి నువ్వు?"

"నేను మళ్ళ వారం వస్త. పెద్దమ్మ ఇమానం ఎక్కుతది కదా." అత్తగారి మోకాలి మీద చెయ్యి వేసి అంది: "అక్క మాట ఇననందుకు నా చెయ్యి ఇరిగింది పెద్దమ్మా. మీరు ఇన్నరు, మంచిగైంది."

నా కళ్ళు చెమర్చాయి. చలిగాలి మీదికి తోసేసి ముక్కు తుడుచుకున్నాను.

చోటు దొరికింది గానీ గాలి తగ్గలేదు. ఎండ వాలంతా పరుచుకుంది. అయినా మడమ దిగడం లేదు. ఫోర్‌కాస్ట్ ప్రకారం ఈపాటికి గాలి పడిపోవాలి. పడమట కొండ వెనక మబ్బు అంచు అప్పుడే తెల్లగా కనిపిస్తోంది, నేననుకున్న దానికంటే ముందే. మబ్బు ముందొస్తే అంతే సంగతులు. లేచి వెళ్ళి నొక్కడం, తిరిగొచ్చి కూర్చోవడం. నా తొందర చూసి ఆవిడ ఒక్క ప్రశ్న అడగలేదు. ఎంత సేపనీ అనలేదు, గడియారమూ చూడలేదు. అది నాకు మరీ కష్టంగా ఉంది. అడిగితే కసురుకునైనా ఉందును.

అప్పుడు అత్తగారు ఫ్లాస్కులోంచి పోసుకున్న టీ మీద ఆవిరి నిటారుగా లేచింది. అంతదాకా పక్కకి కొట్టుకుపోతున్నదల్లా నేరుగా పైకి వెళ్ళింది. గాలి ఆగింది. నేను లేవలేదు. కాసేపు ఎండని దాని పని చేయనిచ్చాను. తరవాత వెళ్ళి నొక్కాను. మడమ దిగింది. రెండో చోటా దిగింది, చుట్టూ మంచు పంచదారలా విరిగింది. కొంచెం పైకెక్కి, మధ్యలో, పక్కన, ఆవిడ పడే వీలున్న ప్రతిచోటా తొక్కి చూశాను. అప్పుడు చెయ్యెత్తి పిలిచాను.

"అత్తయ్య గారూ, ఇప్పుడు రండి."

ఆవిడ లేచి, స్కీలు తొడుక్కుని, అప్పుడే మొదలవుతున్న పదకొండు గంటల క్లాస్‌లోకి వచ్చారు. క్లాస్ నడిపే ఆవిడ చెప్పేది ఇంగ్లీషులో ఎంత అర్థమైందో తెలీదు గానీ, చేసి చూపించింది చూపించినట్టు చేశారు. స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా, మోకాళ్ళు వంచి. నాలుగడుగులు జారి ఆగడం. మళ్ళీ జారి ఆగడం. తరవాత మనుషుల్ని పైకి మోసుకెళ్ళే బెల్టు ఎక్కి వాలు సగం దాకా వెళ్ళారు.

అక్కడినుంచి వస్తూ పడ్డారు. ఎడమ స్కీ పక్కకి పోయి, ఒళ్ళంతా ఒరిగి, సరిగ్గా తుంటి మీదే పడ్డారు. మా ఆయన చేతిలో ఫోన్ జారిపోయింది. నేను పరిగెత్తాను. ఆ కాస్త దూరం నాకు ఎంత పొడుగైందో చెప్పలేను. పూచీ నాది అన్న మాట చెవుల్లో మోగుతోంది.

వెళ్ళేసరికి ఆవిడ కూర్చుని, పడ్డచోట చేతి తొడుగుతో మంచుని తడిమి చూస్తున్నారు. అక్కడ ఆవిడ తుంటి ఆకారంలో గుంట పడింది.

"మెత్తగా ఉందమ్మాయ్" అన్నారు.

"నొప్పి ఉందా?"

"ఏమీ లేదు. లే, అడ్డం తప్పుకో. బరువు వెనక్కి పోయింది, నాదే పొరపాటు."

ఆ తరవాత వాలు చివరి దాకా ఎక్కారు. మా అమ్మాయి ముందు నిలబడి వెనక్కి జారుతూ, "నానమ్మా, పిజ్జా చెయ్యి, పిజ్జా" అంటోంది. స్కీలు ముక్కోణపు పిజ్జా ముక్కలా పెట్టమని అమెరికాలో పిల్లలకి చెప్పే మాట అది. పిజ్జా ఒక్కసారి కూడా నోట పెట్టని మా అత్తగారు ఆ మాట విని కాళ్ళు వెడల్పు చేశారు. చేతులు రెండూ ముందుకి చాపి, తల ఎత్తి, నింపాదిగా, అడ్డదిడ్డంగా కాకుండా ఒక్క గీత మీద దిగారు. ఎక్కడా పడలేదు. కింద సమంగా ఉన్నచోట స్కీలు వాటంతటవే ఆగేదాకా అలాగే నిలబడ్డారు. మా గ్రూపంతా చప్పట్లు కొట్టింది. మా ఆయన ఏడుస్తున్నారు, ఫోన్‌లో వీడియో అంతా వణికింది.

ఇంకోసారి దిగారు. మూడోసారికి బెల్టు దగ్గరికి నడుస్తుంటే మబ్బు ఎండని కప్పేసింది. నేను మడమ నొక్కి చూశాను. దిగింది గానీ, ఇందాకటంత కాదు.

"చాలు అత్తయ్య గారూ."

"ఇంకొక్కసారి."

"వద్దు. బిగుసుకుంటోంది."

ఆవిడ వాలు వైపు ఒకసారి చూసి, చిన్నపిల్లలా పెదవి విరిచి, స్కీలు విప్పేశారు. మేం లాడ్జ్‌లో పెరుగన్నం తినే వేళకి బయట మళ్ళీ రేకు మీద గరిటె చప్పుడు మొదలైంది.

తిరుగు ప్రయాణంలో అత్తగారు నిద్రపోయారు. కొండ దిగాక మా ఆయన రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా, "వచ్చే ఏడాది ఫోర్‌కాస్ట్ చూసే క్లాస్ నాకు కూడా పెట్టు" అన్నారు. అది ఆయన భాషలో క్షమాపణ. పుచ్చేసుకున్నాను.

నేను ఎదురుచూసింది మాత్రం ఆవిడ మాట కోసం. బాగా చెప్పావనో, ఇంకేదో. ఆదివారం పొద్దున్నదాకా ఏమీ అనలేదు. ఇడ్లీకి, "పిండి ఇంకాస్త పులియాల్సిందేమో" అన్నారు. సరే, మనుషులు మారతారా అనుకుని నేను చట్నీకి పోపు పెట్టుకుంటున్నాను.

ఆవిడ హాల్లో ఫోన్ చేసుకుంటున్నారు. అవతల రాజమండ్రిలో ఆవిడతో కలిసి పనిచేసిన లెక్కల టీచరు. స్పీకర్‌లో ఆ టీచరుగారి గొంతు నాకు వినపడుతోంది: "వీడియో చూశానే. ఈ వయసులో ఎంత ధైర్యమే నీకు. పడితే ఏమయ్యేది?"

"పడ్డాను" అన్నారు అత్తగారు. "దూది మీద పడ్డట్టుంది. అందులో నా ధైర్యమేం లేదే. ఆ కొండ మీద మంచు ఏ గంటకి గట్టిగా ఉంటుందో, ఏ గంటకి మెత్తబడుతుందో మా కోడలు ఇంట్లో కూర్చుని చెబుతుంది. వీళ్ళ ఊరు ఊరంతా అడిగి వెళుతుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా ఈలకి పిల్లలందరూ పరిగెత్తారు కదా. నిన్న మా కోడలి ఈల కోసం నేను కూర్చున్నాను."

చట్నీ పోపు మాడుతోంది. మాడనిచ్చాను. నేను వంటింట్లో ఉన్నానని ఆవిడకి తెలుసు. తెలిసే ఆ మాటకి గొంతు పెంచారు.